రెండో సమితి

బోర్డు మీద అలివేలుమంగ పెద్ద పెట్టె గీసి, అందులో రెండు గుండ్రాలు గీసింది. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలభై మంది నోట్సులో అలాగే గీసుకున్నారు. బయట పొద్దుటినించి ఒకటే వాన. పెంకుల మధ్యనించి కారే నీళ్ళకి గది మూల బకెట్టు పెట్టారు.

"ఈ పెట్టె విశ్వసమితి. మనం మాట్లాడుకునేవన్నీ ఇందులోనే ఉంటాయి. అర్థమైందా?" అంది.

అందరూ అర్థమైందన్నారు. అనడానికేం, నర్సీపట్నం పిల్లలు అర్థం కాకపోయినా అలాగే అంటారు. వెనక బెంచీలో అప్పాయమ్మ మాత్రం లేచి నిలబడింది. గొలుగొండ దగ్గర చెరుకు రైతు కూతురు. ఆ పిల్లకి సందేహం వచ్చిందంటే బెల్లు కొట్టినా వదలదు.

"పెట్టె బయట ఉన్నోటినేటి సేస్తామండి?"

"బయటున్నవి లెక్కలోకి రావమ్మా."

"రాకపోతే ఇంక లేనట్టేనేటండి?"

లేనట్టే, అని చెప్పబోయింది అలివేలుమంగ. పన్నెండేళ్ళుగా అదే చెబుతోంది. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. భయమేసింది.

లేనట్టు కాదు. ఉంది. ఆ పెట్టె బయట సూది పెన్సిలిన్ ఉంది.

ఆవిడకి అంత భయం ఎందుకు పట్టుకుందో తెలియాలంటే డాక్టరు గారి మిషను సంగతి చెప్పాలి. ఎక్కువసేపు పట్టదు, వినండి.

పెదబొడ్డేపల్లి వెళ్ళే రోడ్డులో రామచంద్రమూర్తి గారి నర్సింగ్ హోం ఉంది. మంచి డాక్టరే, కానీ ఎప్పుడూ కాళ్ళ కింద నిప్పులున్నట్టు తొందరపడతారు. కిందటేడు మంగరాజు అనే రైతు, జ్వరంతో ఉన్న భార్య లోవలక్ష్మిని ఆయన దగ్గరికి తీసుకొచ్చాడు. కాంపౌండరు సింగన్న పెన్సిలిన్ సూది వేశాడు. రెండు నిమిషాల్లో ఆ మనిషి పెదాలు ఉబ్బిపోయాయి, ఊపిరి అందలేదు, కళ్ళు పైకి తేలేసింది. డాక్టరు గారు అరగంట పెనుగులాడి బతికించారు. తల్లి కమలాంబకి బీపీ చూపించడానికి వచ్చిన అలివేలుమంగ ఆ అరగంటా అక్కడే, గోడకి అతుక్కుని నిలబడి చూసింది. ఆ ఉబ్బిన పెదాలు తరవాత నెల రోజులు ఆవిడకి కల్లోకి వచ్చాయి.

ఇలాంటిది మళ్ళీ జరక్కూడదన్నారు డాక్టరు గారు. బొంబాయిలో తమ్ముడు వాడి పక్కన పెట్టిన కంప్యూటరొకటి తెప్పించారు. కొనడం కొన్నారు గానీ దాన్ని నడిపేవాళ్ళు ఊళ్ళో ఎవరున్నారు. అంతకు ముందు వేసవిలో విశాఖపట్నంలో ఆరు వారాలు పాస్కల్ అనే కంప్యూటరు భాష నేర్చుకుని వచ్చిన లెక్కల పంతులమ్మ ఒక్కర్తే ఉంది. అలా ఈ పని అలివేలుమంగ నెత్తి మీద పడింది. పడిందని అనకూడదు, ఆవిడే సంబరపడి ఎత్తుకుంది.

ఆవిడ చేసిన ఏర్పాటు బాగానే ఉంది. ఆస్పత్రిలో వాడే మందులన్నిటి పేర్లూ ముందు వరసగా మిషనుకి చెప్పేసింది. ఆ వరసలో లేని పేరు ఎవరైనా కొడితే మిషను ఒప్పుకోదు. పెన్సిలిన్ అనబోయి పన్సిలిన్ అంటే కుదరదన్నమాట. ఆ పేర్లలోంచి ప్రతి మనిషికీ ఒక సమితి. ఎవరికి ఏవి పడవో అవి ఆ మనిషి సమితిలో ఉంటాయి. కార్డు మీద అవి అచ్చవుతాయి. సమితి ఖాళీ అయితే, శూన్యసమితి కదా, "పడని మందులు: లేవు" అని వస్తుంది. తెలుగు అక్షరాలు ఆ మిషనుకి రావు కనక ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు. చదవనివాళ్ళకి సింగన్న చదివి పెడతాడు.

మందుల వరస సింగన్న రిజిస్టరులోంచి తీసుకుంది. సింగన్న రాత ముత్యాల్లాంటిది, అ ఆ ఇ ఈ ల వరసలో రాసుకున్నాడు. అయితే ఇంజెక్షన్లని మాత్రం వాటి పేర్లతో రాయలేదు. ఊళ్ళో జనం సూది అంటారు కాబట్టి తనూ సూది అట్రోపిన్, సూది డెక్స్‌ట్రోజ్, సూది పెన్సిలిన్ అని రాశాడు. అందుకని సూదులన్నీ సకారంలోకి, పుస్తకం చివరికి వెళ్ళి కూర్చున్నాయి. అలివేలుమంగ ఆ వరస మార్చలేదు.

మొదట్లో పేర్లు రెండు వందల నలభై. జూన్‌లో డాక్టరు గారు ఇంకో ముప్ఫై ఒకటి చేర్చమన్నారు. వాటినీ వాటి వాటి అక్షరాల చోట్లలో చేర్చి నడపబోతే మిషను మొండికేసింది. ఒక సమితి తీసుకునే పేర్లు రెండు వందల యాభై ఆరే, ఆ పైన ఒక్కటి కూడా ఒప్పుకోదు. ఎంత తిప్పి రాసినా అదే తప్పు చూపించింది. చివరికి ఆవిడ విసిగిపోయి వరసని రెండు ముక్కలు చేసింది. మొదటి రెండు వందల యాభై ఆరూ ఒక సమితి. మిగిలిన పదిహేనుకీ రెండో సమితి. ఆ తెగిన చోటు సరిగ్గా సూదుల మధ్యలో పడింది. డెక్స్‌ట్రోజ్ ఇటు ఉండిపోయింది, పెన్సిలిన్ అటు వెళ్ళింది.

రెండు సమితుల్లోనూ వివరాలు సరిగానే ఎక్కించింది. కార్డు అచ్చువేసే చోట మాత్రం మొదటి సమితి ఖాళీగా ఉందా అని పాత ప్రశ్న ఒక్కటే ఉంది. రెండోదాన్ని కూడా అడగాలి. రేపు రాద్దామనుకుంది. రేపు స్కూలుకి ఇన్స్పెక్షను వచ్చింది. ఆ తరవాత పేపర్లు దిద్దడం. ఈలోగా డాక్టరు గారు తొందరపెట్టి అందరికీ కొత్త కార్డులు అచ్చు కొట్టించేశారు. పాతవి చింపేయమని చెప్పింది కూడా ఆవిడే.

ఇంతేనా అంటే, ఇంకొకటి ఉంది. కార్డు మీద లేవు అని ఉంటే, లోవలక్ష్మి సంగతి జరిగాక మొదలుపెట్టిన, చర్మం మీద చుక్కమందు వేసి పావుగంట చూసే టెస్టు ఇంక అక్కర్లేదని డాక్టరు గారు సింగన్నకి చెప్పేశారు. మిషను వచ్చాక ఆ పావుగంట ఎందుకన్నారు.

సుద్దముక్క చేతిలోంచి జారి కింద పడింది. అలివేలుమంగకి పొద్దున్న బస్టాండు దగ్గర చూసింది గుర్తొచ్చింది. మంగరాజు సైకిలు వెనక లోవలక్ష్మి కూచుని ఉంది. పాదానికి పాత చీర ముక్క చుట్టుకుంది, దాని మీద నెత్తుటి మరక ఎండి నల్లబడింది. చెరుకు కత్తి తగిలి నాలుగు రోజులైందిట, చీము పట్టిందిట, డాక్టరు గారి దగ్గరికి వెళుతున్నారు. కార్డు తెచ్చుకున్నారా అని అలివేలుమంగ దర్జాగా అడిగింది. తెచ్చేనండి, కొత్తదేనండి అని లోవలక్ష్మి జాకెట్లోంచి తీసి చూపించింది. చీము పట్టిన కాలికి డాక్టరు గారు రాసే మొదటి మందు ఏదో ఊళ్ళో అందరికీ తెలుసు.

గడియారం పదీ నలభై. డాక్టరు గారు పదిన్నరకి వస్తారు.

"చదువుకోండి" అని పిల్లలతో ఒక్క మాట అని బయటికి నడిచింది. వరండాలో నడక పరుగైంది. హెడ్మిస్ట్రెస్ గదిలో ఫోను ఎత్తింది. చెవిలో చిన్న చప్పుడు కూడా లేదు. వానకి లైను పోయి రెండు రోజులైందని అటెండరు వరలక్ష్మమ్మ చెప్పింది. ఏటైందండీ, మొహం అలాగుంది అని ఆవిడ అడుగుతూనే ఉంది. అలివేలుమంగ అప్పటికే గేటు దాకా వెళ్ళిపోయింది.

గేటు బయట ఒక రిక్షా ఉంది గానీ తొక్కేవాడు ఎక్కడో టీ తాగుతున్నాడు. ఆగలేదు. గొడుగు తేలేదన్న సంగతి సగం దూరం వెళ్ళాక తెలిసింది. కుచ్చిళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని, బురదలో జారుతూ, ఆ వానలో ముప్ఫై అయిదేళ్ళ పంతులమ్మ పరిగెడుతుంటే కొట్లలో వాళ్ళు లేచి చూశారు. సిగ్గుపడే తీరిక కూడా లేదు. రెండు నిమిషాలు పట్టింది కిందటేడు, రెండే నిమిషాలు. సూది వేశాక రెండు నిమిషాలు. ఇదివరకైతే టెస్టు ఉండేది, పావుగంట దొరికేది. ఆ పావుగంటని తనే మింగేసింది. దేవుడా, డాక్టరు గారు ఇవాళ ఆలస్యంగా వస్తే బాగుండు. సింగన్నకి సిరంజి ఉడకబెట్టడానికి కిరసనాయిలు దొరక్కపోతే బాగుండు. నోటికొచ్చినట్టు మొక్కుకుంటోంది. ప్రతి మొక్కు వెనకా ఆ ఉబ్బిన పెదాలే కనిపిస్తున్నాయి. ఆ మనిషి కోసమే కదా ఈ మిషను పెట్టింది. ఆ మనిషినే చంపుతుందా.

నర్సింగ్ హోం మెట్ల మీద మంగరాజు కూచుని ఉన్నాడు. తల మోకాళ్ళ మధ్యకి వంచేసుకున్నాడు. వానలో తడుస్తున్నా కదలటం లేదు. ఆ కూర్చున్న తీరు చూసి అలివేలుమంగ పక్కనించి మెట్లెక్కేసింది. అతన్ని పలకరించలేదు. పలకరిస్తే ఏం వినాల్సొస్తుందోనని భయపడి లోపలికి వెళ్ళిపోయింది.

మంచం ఖాళీగా ఉంది. దుప్పటి సగం కిందికి జారిపోయి ఉంది, దాని మీద నెత్తుటి మరక. పక్కన ట్రేలో సిరంజి ఉంది. దానికి సూది తగిలించే ఉంది. లోపల మందు చుక్క కూడా లేదు. ఖాళీ.

ఆవిడ మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది. వేసేశారు. నేను చంపేశాను. ఈ రెండే మాటలు మళ్ళీ మళ్ళీ తిరిగాయి ఆవిడ బుర్రలో. ఏడుపు కూడా రాలేదు.

ఎంతసేపలా నిలబడిందో, వెనకనించి మంగరాజు గొంతు వినిపించింది.

"ఏటి సెప్పమంటారండి పంతులమ్మగారూ. నా పరువు తీసీసింది."

అలివేలుమంగ వెనక్కి తిరిగింది.

"సూది ఏయించుకోనని సింగన్నబాబు సెయ్యి తోసీసింది. మందంతా ఒలికిపోనాది. పెరట్లోకి పారిపోయి నీళ్ళగదిలో గడేసుకున్నాది. డాక్టరుబాబు తిడతన్నారు. కార్డులో లేవని ఉంటే, ఇదేమో పడదంటాది. డాక్టరుబాబుకి తెల్దా, మిషనుకి తెల్దా, దీనికే తెలుసా. బేగి వచ్చి మీరు సెప్పండమ్మా, మీ మాటయితే ఇంటాది."

బతికే ఉంది. అలివేలుమంగ మంచం అంచు మీద కూలబడి, వెంటనే లేచింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, మొహమంతా వాన నీళ్ళే కాబట్టి మంగరాజుకి తెలియలేదు.

పెరట్లో రేకు తలుపు ముందు డాక్టరు గారు గొడుగు పట్టుకుని నిలబడ్డారు. పక్కన సింగన్న. ట్రేలో ఇంకో సిరంజి, ఇది నిండుగా ఉంది.

"చూడండి అలివేలు గారూ, కాలు కుళ్ళుతోందని చెబితే వినదు. పోయినేడు జ్వరం తీవ్రతకి అలా అయిందేమో, సూది వల్ల కాదేమో. కార్డు మీద స్పష్టంగా లేవు అని ఉంది" అన్నారు డాక్టరు గారు. చూశారా, తను కళ్ళారా చూసి, తన చేత్తో బతికించిన సంగతిని కూడా ఆ ముక్క కాగితాన్ని చూసి అనుమానిస్తున్నారాయన.

"పంతులమ్మగారొచ్చేరు, గడి తియ్యే" అన్నాడు మంగరాజు.

తలుపు వెనకనించి లోవలక్ష్మి గొంతు సన్నగా వినిపించింది.

"నిజంగా మీరేనాండి?"

"నేనే, లోవలక్ష్మీ."

"కిందటేడు నాను సచ్చి బతికేనండి. గొంతు ఎవులో నొక్కినట్టయిపోనాది. నాకు గేపకం ఉన్నాది. మరి మిషను లేవంటన్నాదంట. ఆ మిషనుకి సెప్పింది మీరేనంట. సదువుకున్నోరు, మీరు పడతాదంటే ఏయించుకుంటానండి. మీరు సెప్పండి, తీసేత్తాను గడి."

డాక్టరు గారు అలివేలుమంగ వైపు చూశారు. సింగన్న చూశాడు, మంగరాజు చూశాడు. వేరే మందు ఇవ్వండి, ఎందుకైనా మంచిది అంటే సరిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. రాత్రికి మిషను దిద్దుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది ఆవిడకి, రాలేదని అబద్ధం చెప్పను. పేరు పోతుందన్న భయం కూడా చిన్నదేం కాదు. కానీ తలుపు వెనకనించి ఆ మనిషి ఊపిరి వినిపిస్తోంది. ఊపిరి బాగా వినిపిస్తోంది.

"వేయించుకోకు" అంది అలివేలుమంగ. "నువ్వు చెప్పిందే నిజం. కార్డు తప్పు. తప్పు నాది."

"ఏమిటండీ మీరనేది? లేవు అని ఉంటే" అని డాక్టరు గారు మొదలుపెట్టారు.

"లేవు కాదండీ. మందుల పేర్లు ఎక్కువైతే ఒక సమితిలో పట్టలేదు. రెండు చేశాను. రెండోదాంట్లో సూది పెన్సిలిన్ ఉంది, ఈవిడ పేరు పక్కనే ఉంది. కార్డు కొట్టేటప్పుడు రెండోదాన్ని అడగమని నేను రాయలేదు. అడక్కుండానే లేవని కొట్టించాను."

డాక్టరు గారి గొడుగు పక్కకి వాలిపోయింది. సింగన్న ట్రే కింద పెట్టి, గట్టు మీద కూచుండిపోయాడు.

"ఏసీబోయేనండి. నరం కూడా సూసుకున్నాను. సెయ్యి తోసీబట్టి గానీ" అన్నాడు.

గడి చప్పుడైంది. లోవలక్ష్మి గోడ పట్టుకుని, ఒంటి కాలి మీద బయటికి వచ్చింది. ఎవర్నీ తిట్టలేదు. తిడితే బాగుండునని అలివేలుమంగకి అనిపించింది.

"ఇలాటి కార్డులు ఇంకెవులికిచ్చేరండి?" అని అడిగింది లోవలక్ష్మి.

సింగన్న డాక్టరు గారి వైపు చూశాడు.

"నాను పారొచ్చి గడేసుకున్నాను. ఆళ్ళు గడేసుకుంటారేటండి?"

అలివేలుమంగకి పోయిందనుకున్న భయం ఆ మాటతో తిరిగొచ్చింది, ఈసారి రెట్టింపై. కరెంటు లేదు, మిషను పనిచెయ్యదు. ఎవరికి ఏ మందు పడదో రాసిన పాత రిజిస్టరు సింగన్న తెచ్చి, పేజీలు తిప్పాడు. కొత్త కార్డుల్లో రెండో సమితి మందులు పడనివాళ్ళు లోవలక్ష్మి కాక ఆరుగురు తేలారు. ఇద్దరు ఊళ్ళోనే. నాతవరంలో ముగ్గురు. ఆరో మనిషి గున్నమ్మ, పాయకరావుపేట. నెలలు నిండిన కోడలికి పురుడు పొయ్యడానికి కిందటి వారమే అక్కడికి వెళ్ళింది. కాస్త జ్వరమొస్తే చాలు, అక్కడి డాక్టరుకి ఈ కార్డే చూపిస్తుంది. చూపించమని చెప్పింది కూడా వీళ్ళే.

డాక్టరు గారు లోవలక్ష్మికి మింగే బిళ్ళలు రాసి, అవి కూడా ఒకటి ఇచ్చి పావుగంట ఎదురుగా కూచోబెట్టారు. స్కూటరు తాళం తీసుకుని నాతవరం తనే వెళతానన్నారు. సింగన్న ఊళ్ళో ఇద్దరి కోసం సైకిలు తీశాడు. అలివేలుమంగ పాయకరావుపేట బస్సుకి వెళుతుంది. పదిహేను నిమిషాల్లో బస్సు.

బయల్దేరబోతుంటే లోవలక్ష్మి కార్డు చాపింది.

"నాది మార్చీసి ఎల్లండి."

అలివేలుమంగ కలం తీసింది. అచ్చులో ఉన్న మాట కొట్టేసి, పైన తెలుగులో రాసింది. చెయ్యి తడిగా ఉండి సిరా అలుక్కుపోయింది.

"సదవండి."

"పడని మందులు: సూది పెన్సిలిన్."

"ఇంకా?"

"ఇంకేం..." లేవు, అనబోయి ఆగింది. ఆ మాట నోటిదాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. "ఇంకేం పడవో తెలియదు, లోవలక్ష్మీ."

"తెల్దు కదా. అదీ రాయండి."

అలివేలుమంగ అదీ రాసింది. గున్నమ్మకి ఇవ్వాల్సిన కాగితం మీద కూడా అదే మాట రాసి, జాకెట్లో పెట్టుకుని, బస్టాండు వైపు మళ్ళీ వానలో పరిగెత్తింది.